తువ్వాల కింద ఆగిన ట్రంకు కాల్

ఈ ఉదయం ఫోను రిసీవరు తుడుస్తుంటే దాని చిల్లుల్లోంచి పసుపు వాసన వచ్చింది. పసుపు అమ్మకాలు జరిగే గంజ్‌లోని ఫోను ఎంత తుడిచినా ఆ వాసన వదలదు. దానితో పాటే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో కాల్స్ కలిపే అనసూయమ్మ గొంతు కూడా నా చెవిలో పడుతుంది: “రాజన్నా, ఆలస్యం యాడైతుందో ముందు చూడు. ఎవలు చేస్తున్నరో తర్వాత అడుగు.”

అరవైల తొలి సంవత్సరాల్లో నేను ఆర్మూర్ గంజ్‌లో గంగారెడ్డి సేటు దగ్గర గుమాస్తాను. బడిలో నేర్చిన లెక్క తక్కువ, దుకాణంలో సొంతంగా నేర్చుకున్నది ఎక్కువ. ఊరి నుంచి నిజామాబాద్‌కు పోయే ట్రంకు లైను ఒక్కటే; బయటి ఊళ్ల కాల్స్ అన్నీ దాని మీదే. మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్లో పసుపు ధర తెలియాలన్నా ఆ తీగ మీదుగానే తెలియాలి. సీజనులో పొద్దున బుక్ చేసిన కాల్ మధ్యాహ్నానికి గాని కలిసేది కాదు. అప్పటికి ధర మారిపోయేది. వ్యాపారులంతా తప్పు అనసూయమ్మదే అన్నారు. ఆమెను బదిలీ చేయమని సేటు నిజామాబాద్ ఆఫీసుకు నా చేత అర్జీ రాయించి, అందరి సంతకాలూ తీసుకుని దగ్గర పెట్టుకున్నాడు. ఆమె భర్త ఆర్మూర్ బడిలో పంతులు. బదిలీ అయితే ఆలుమగలు చెరో ఊళ్లో ఉండాలి.

అర్జీ సంగతి తెలిసినా ఆమె ఎవరితోనూ తగువు పడలేదు. స్తంభాలన్నీ చూసొచ్చిన లైన్‌మన్ తీగ బాగానే ఉందన్నాడు. నేను కాల్ బుక్ చేయడానికి వెళ్లినప్పుడు ఆమె అంది: “గది నాకు ముందే ఎరుక. గంజ్ బందున్న దినం అడిగిన వెంటనే కలుస్తది. తీగ చెడితే గా దినం గూడ చెడాలె గదా.” నా కాల్ చీటీ రాస్తూ, “మరి లైన్ కలిసినంక మీ దుకాండ్లల్ల మాటలే వినబడయి. దగ్గు వినబడ్తది, చాయ్ గిలాసలు వినబడ్తయి. ఏం చేస్తరయ్యా మీరంత?” అని అడిగింది.

“సేటు కోసం ఆగుతమమ్మా,” అన్నాను.

తన సెలవు రోజున ఆమె గంజ్‌కు వచ్చింది. ఆ రోజుల్లో పక్కవాళ్లకు ధర తెలియకుండా బేరమంతా తువ్వాల కింద జరిగేది. రైతు చెయ్యీ సేటు చెయ్యీ గుడ్డ కింద కలిసేవి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారు. మధ్యలో చెయ్యి తీస్తే బేరం చెడినట్టే. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఎత్తితే సాంగ్లీ. సేటు ఆగమన్నట్టు ఎడమ చెయ్యి ఊపాడు. నేను రిసీవరు పట్టుకుని నిలబడ్డాను.

“సేటు కనబడ్తుండు గని, చెయ్యి యాడుంది?” అంది అనసూయమ్మ.

“తువ్వాల కిందమ్మా.”

“గా చెయ్యి బయటికొచ్చేదాంక ఊరంత నా లైన్‌ల నిలబడాలెనా?”

రైతు నవ్వాడు. సేటు నవ్వలేదు. ప్రతి దుకాణంలోనూ ఇదే తంతు. ఒకరి చెయ్యి కోసం లైను ఊరికే ఆగేది, దాని వెనక మిగతా కాల్స్ అన్నీ ఆగేవి.

బేరం ముగిశాక ఆమె, “రాజన్నను మాట్లాడనియ్యి సేటూ,” అంది.

“నా ధర గుమాస్తా నోట్ల పెట్టాల్నా?”

“నా మీది అర్జీ గీయననే రాసిండు గదా. గంత పెద్ద మాట రాయనిచ్చినోనివి, ధర చెప్పనియ్యవా?”

సేటు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. కానీ మరునాడు గంజ్ మొదలుకాక ముందే నన్ను లోపలికి పిలిచి, ధర ఎంతదాకా పోవచ్చో చెవిలో చెప్పాడు. సాంగ్లీ కలిసింది. సేటు కోసం ఆగకుండా చెప్పాల్సింది చెప్పి పెట్టేశాను. మమ్మల్ని చూసి మిగతా దుకాణాలూ అదే పద్ధతికి వచ్చాయి. కాల్స్ కోసం ఎదురుచూపు పూర్తిగా పోలేదు గాని, పొద్దుటి ధర పొద్దున్నే అందసాగింది.

“మనకే గాదురా, పక్క దుకాన్లకు గూడ జల్ది కలుస్తుంది. గిదేం లాభం?” అని సేటు గొణిగాడు. తర్వాత మంచి పసుపు కొమ్ములు ఏరి, నిజామాబాద్‌కు పంపకుండా ఉంచిన ఆ అర్జీ కాగితంలోనే పొట్లం కట్టి, అనసూయమ్మ ఇంట్లో ఇచ్చి రమ్మన్నాడు. ఆమె పొట్లం విప్పి సంతకాలు చూసింది. “కొమ్ములు మంచిగున్నయ్,” అంది.

ఇప్పుడు నాకూ గంజ్‌లో సొంత దుకాణం ఉంది. లారీ రాకపోయినా, తూకం ఆలస్యమైనా నేను ముందు మనుషుల మీద విరుచుకుపడను. పని ఎక్కడ ఆగిందో వెతుకుతూ పోతాను. చాలాసార్లు చివర నా చెయ్యే కనిపిస్తుంది. అందుకే నా దుకాణంలో ఫోను ఎత్తినవాడే మాట్లాడతాడు. ధర పొద్దున్నే నా గుమాస్తాలందరికీ చెప్పేస్తాను.