ఫ్రాన్సు పౌరసత్వం నేనెందుకు వద్దన్నాను

తెనాలిలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు ఏటా జెండా పండుగకి నన్ను పిలిచి శాలువా కప్పుతారు. కప్పే ముందు ప్రిన్సిపాల్‌గారు మైకు పట్టుకుని ఒకే మాట చెబుతారు: ఈయన పరాయి దేశపు సైన్యంలో ఐదేళ్ళు పనిచేసి, వాళ్ళు పౌరసత్వం ఇస్తామంటే భారతమాత కోసం వద్దనుకుని వచ్చేసిన మనిషి అని. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను చేతులు కట్టుకుని నేల చూస్తాను. దాన్ని వినయం అనుకుంటారు.

ఐదేళ్ళు పనిచేసిన మాట నిజం. వద్దన్న మాటా నిజమే. మధ్యలో వచ్చిన భారతమాతకే ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదు.

ఫ్రాన్సు సైన్యంలో పరాయి దేశాల వాళ్ళ కోసమని ఒక దళం ఉంది. పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళి గేటు ముందు నిలబడితే లోపలికి పిలుస్తారు. పరుగెత్తిస్తారు, కడ్డీకి వేలాడదీస్తారు, నోరు తెరిపించి పళ్ళు చూస్తారు. పనికొస్తాడనుకుంటే ఒక కొత్త పేరు పెట్టి, ఐదేళ్ళకి సంతకం చేయించుకుంటారు. మూడేళ్ళు బుద్ధిగా ఉంటే ఆ దేశపు పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవచ్చు. నేను వెళ్ళింది ఆ ఒక్కదాని కోసమే. రేపల్లెలో డిగ్రీ అయ్యాక మన ఆర్మీ సెలక్షన్లకి వెళ్ళి, ఛాతీ చాలక తిరిగొచ్చినవాణ్ణి. ఫ్రాన్సు వాళ్ళు ఛాతీ సంగతి పట్టించుకోలేదు. నాకు అంతకంటే గొప్ప దేశం కనిపించలేదు.

అక్కడ నేర్చుకున్నవి మూడు. పాట పాడుతూ నడవడం, చొక్కా మీద మడతలు స్కేలు పెట్టి గీసినట్టు ఇస్త్రీ చేయడం, వంట. మొదటి ఏడాది తర్వాత నన్ను వంటశాలలో వేశారు. తుపాకీ కంటే గరిటె ఎక్కువ పట్టుకున్నాను. నేను ఎడారిలో యుద్ధం చేశానని తెనాలిలో ఒక కథ తిరుగుతోంది. ఎడారికి వెళ్ళాను. అక్కడా బంగాళాదుంపలే ఒలిచాను.

మూడేళ్ళు నిండాక కెప్టెన్ తన గదికి పిలిచాడు. నా పని బాగుందన్నాడు. పౌరసత్వానికి అర్జీ పెడతావా, కాగితాలు మొదలుపెట్టించమంటావా అని అడిగాడు.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు కాఫీ తాగుతారా అని అడిగితే వద్దండి అంటాం. ఇప్పుడే తాగి వచ్చామని అబద్ధం కూడా ఆడతాం. వాళ్ళు భలేవారండీ అంటూ లోపలికి వెళ్ళి పెట్టుకొస్తారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, వేళ్ళ సందులోంచి గారె జారవిడుస్తారు. అడగ్గానే ఊఁ అన్నవాణ్ణి చూసి, పాపం మొహం వాచిపోయి ఉన్నాడనుకుంటారు. నేను ఈ మర్యాదలో పెరిగాను. అంత పెద్దాయన అంత పెద్ద వస్తువు ఇస్తానంటే గబుక్కున చెయ్యి చాపడం ఏం బాగుంటుంది? వద్దులెండి సార్, పర్లేదు అని వాళ్ళ భాషలోనే అన్నాను. అని, ఆయన బలవంతం చేస్తాడని చిరునవ్వుతో నిలబడ్డాను.

ఆయనది మా రేపల్లె కాదు. సరే అని ఫైలు మూసి, బయట ఉన్నవాణ్ణి పంపమన్నాడు.

మిగతా రెండేళ్ళూ వంటశాలలోనే గడిపి, పాత పాస్‌పోర్టుతోనే వచ్చేశాను. వచ్చేసరికి ఇక్కడ దేశభక్తుణ్ణి అయిపోయి ఉన్నాను. కాదని ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడంలో లాభం ఉంది. తెనాలిలో సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీ పెట్టాను. ఆ దళం వాళ్ళ తెల్ల టోపీతో ఉన్న నా ఫోటో బోర్డు మీద వేయించాను. దుగ్గిరాల పసుపు కోల్డ్ స్టోరేజీల వాళ్ళు ఆ బోర్డు చూసే మా దగ్గర గార్డుల్ని తీసుకున్నారు.

నా దగ్గర పనిచేసిన గార్డుల్లో ఒకతను సూర్యలంక వాడు. చేపల వేట కుటుంబం. సముద్రం మీద పెరిగిన ఒళ్ళు, గట్టివాడు. నా కబుర్లు విని విని, నేనూ వెళ్తానన్నాడు. పళ్ళు బాగుచేయించుకోమన్నాను, పరుగు నేర్పాను, ఏ గేటు దగ్గర నిలబడాలో చెప్పాను. వెళ్ళాడు, తీసుకున్నారు. ఆ దళంలో చేరేటప్పుడు ఎవరినైనా పెళ్ళికానివాడి కిందే రాసుకుంటారు. ఇతనికి ఇక్కడ పెళ్ళాం, పాకుతున్న కూతురు ఉన్నారు. మూడేళ్ళు ఓర్చుకుంటే అసలు పేరు తిరిగొస్తుంది, పౌరసత్వం వస్తుంది, వీళ్ళిద్దరినీ తీసుకెళ్ళొచ్చు. ముగ్గురి ఆశా దాని మీదే.

మొన్న వేసవిలో ఒక ఉదయం అతని భార్య బాపట్లలో రైలెక్కి మా ఆఫీసుకి వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగలేదు.

"అన్నయ్యగారూ, ఆయన పౌరసత్వం వద్దంటాడంట. వచ్చే వారం కెప్టెన్ పిలుస్తాడంట. మీలాగే చెప్తాడంట."

మంచి నిర్ణయమేనమ్మా అన్నట్టుగా ఏదో గొణిగాను. సిగ్గులేని నోరు, అలవాటు పడిపోయింది.

"మంచేంటండి? మూడేళ్ళు మొగుడు లేకుండా నేను ఎండుచేపలు అమ్ముకున్నది మీ ఇద్దరికీ శాలువాలు కప్పించడానికా?"

అని, వీడియో కాల్ కలిపి ఫోను నా చేతిలో పెట్టింది. అటు అతను బనీనుతో నిలబడి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నన్ను చూసి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"అన్నా, దానికి మీరే చెప్పండి. మీరు వదులుకున్నారు. నేను వదులుకోలేనా?"

నా పరిస్థితి వేరు, నీ పరిస్థితి వేరు అని మొదలుపెట్టాను. రోజులు మారాయన్నాను. కుటుంబం కూడా దేశంలో భాగమేనని ఒక వాక్యం అల్లాను. ఆమె కుర్చీలో ముందుకి వంగి నా మొహంలోకి చూసింది.

"అది కాదండి. మీరు నిజంగా ఎందుకొద్దన్నారు?"

ఎప్పుడూ ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. జవాబు నాకంటే ముందే వాళ్ళకి తెలుసు కాబట్టి.

"మొహమాటానికి అన్నానమ్మా. మళ్ళీ అడుగుతాడనుకున్నాను."

ఫోనులో అతను తెరకి దగ్గరగా వంగాడు.

"కెప్టెనా? మళ్ళీ అడగడమా?" అన్నాడతను. మూడేళ్ళు అక్కడ ఉన్నాడు, కెప్టెన్లు తెలుసు. పెద్దగా నవ్వాడు. నవ్వి నవ్వి ఆగాడు. "మరి స్కూల్లో మైకులో చెప్పిందంతా?"

"అబద్ధం."

"మీ కబుర్లు నమ్మే వచ్చానన్నా నేను. నా కూతురు నడక నేర్చుకున్నది కూడా ఫోనులో చూశాను."

ఆమె ఫోను లాక్కుంది.

"ఇదిగో, విను. ఆయన అడగ్గానే ఊఁ అను. మొహం వాచినోడు అనుకుంటే అనుకోనీ. మనం వాచే ఉన్నాం."

తర్వాతి వారం కెప్టెన్ పిలిచాడట. ప్రశ్న పూర్తికాకముందే ఇతను అవునన్నాడట. కాగితాలు మొదలయ్యాయి. ఎంతకాలం పడుతుందో తెలియదు. ఈ సంగతి చెప్పడానికి ఆమె మళ్ళీ తెనాలి వచ్చింది. కృతజ్ఞతలేమీ చెప్పలేదు. చెప్పాల్సినవీ లేవు. కానీ ఈసారి మంచినీళ్ళు తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టి, తీరిగ్గా అడిగింది.

"ఇంకా రెండేళ్ళు అక్కడే ఉన్నారు గదా. మీరే వెళ్ళి అడగొచ్చుగా, సార్ పొరపాటైందని."

అడగొచ్చు. గది తలుపు తెరిచే ఉండేది. ఆ రెండేళ్ళూ నేనే ఆ గదికి భోజనం పట్టుకెళ్ళేవాణ్ణి. ప్లేటు పెట్టి, సెల్యూట్ కొట్టి, వచ్చేసేవాణ్ణి.

ఆమెకి చెప్పిన జవాబే ఇక్కడా రాస్తున్నాను. కెప్టెన్ ఫైలు మూసిన సాయంత్రం రేపల్లెలో మా మేనమామకి ఫోను చేశాను. పౌరసత్వం సంగతేమైందిరా అని అడిగాడు. ఉన్నదున్నట్టు చెబితే వెధవనవుతానని, మన దేశం ఉండగా అదెందుకులే మావయ్యా, వద్దన్నాను అని చెప్పాను. ఆయన ఫోనులో ఏడ్చాడు. నన్ను పెంచిన మనిషి, నా గురించి ఎప్పుడూ సంతోషంతో ఏడవలేదు. మర్నాటికి బస్టాండు దాకా, వారానికి కృష్ణ ఒడ్డున పెనుమూడి దాకా చెప్పేశాడు. ఇక నేను వెళ్ళి అర్జీ పెట్టుకుంటే ఆయన అబద్ధాలకోరు అవుతాడు. అలా కాకూడదని కాదు నేను ఆగింది. నేను అబద్ధమాడానని ఆయనకి తెలిసిపోతుందని ఆగాను. దానికి దేశాన్ని అడ్డం పెట్టుకున్నాను.

ఆమె అంతా విని, సంచి భుజానికి తగిలించుకుంది.

"మీ మావయ్యగారు ఉన్నారా?"

"రేపల్లెలోనే ఉన్నాడమ్మా."

"అయితే ముందు ఆయనకి చెప్పండి. స్కూలు వాళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చు" అని రైలుకి టైమవుతోందని వెళ్ళిపోయింది.

అందుకే ఇది రాశాను. మావయ్యకి ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు. ఆదివారం వెళ్ళి, పక్కన కూర్చుని, నేనే చదివి వినిపించాలి.