దొరగారికి అరగలేదు

తాతయ్య సెలూన్ ఒక్కటే గది. నాలుగు గోడలకూ నాలుగు అద్దాలు. కుర్చీలో కూర్చున్నవాడికి తన ముఖమే కాదు, తన వీపూ, ఆ వీపు వెనక ఇంకో ముఖమూ, దాని వెనక మరో వీపూ కనబడుతూనే ఉంటాయి. పని అయ్యాక తాతయ్య కుర్చీని మెల్లగా ఒక చుట్టు తిప్పేవాడు. ఆ చుట్టులో మనిషి ముఖం విచ్చుకుంటుంది చూడండి, అదే ఆయన అసలు సంపాదన.

"బొంగరం ఆడుకునే వయసు ఇంకా దాటలేదు మీకు" అనేది నానమ్మ.

ఆ గదిలోకి దొరగారు అనుకోకుండా వచ్చారు. పై అంతస్తులో అద్దెకుండే ఆసామి ఊరెళ్తూ, "రెండు రోజులు చూసుకోండి, రాగానే తీసుకెళ్తా" అని ఒక వల పంజరం అప్పగించాడు. ఆ రెండు రోజులు ఇంకా పూర్తి కాలేదు. పంజరంలో ఆకుపచ్చ ఊసరవెల్లి. అడుగు వేయాలంటే ముందు కాలు గాల్లోకి లేపి, వేయాలా వద్దా అని ముందుకీ వెనక్కీ ఊగి, తీరా వేయకుండానే ఊరుకునేది. ఆ ఠీవి చూసే తాతయ్య దానికి దొరగారని పేరు పెట్టాడు. ఇంటికి తీసుకెళ్తే నానమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"రంగులు మార్చేవాళ్ళు ఈ ఇంట్లో ఒకరున్నారు, చాలు."

అలా దొరగారు సెలూన్‌లో, ఎండ పడే ఒకే ఒక్క కిటికీ దగ్గర స్థిరపడ్డారు. ఒక కన్ను కత్తెర మీద, ఇంకో కన్ను వాకిలి మీద. తాతయ్య మురిసిపోయాడు. ఆయన పనిని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. కొడుకులకైతే కత్తెర చప్పుడు వింటేనే ఆవులింతలు.

కొన్నాళ్ళకు దొరగారు మిడతలను తినడం తగ్గించారు. తిన్న కాస్తా బయటికి రావడం మానేసింది. ఆకుపచ్చ ఒళ్ళు బూడిద రంగుకూ, అక్కడినుంచి మాడిన రంగుకూ తిరిగింది. పొట్ట రాయిలా బిగుసుకుంది. తాతయ్య పొద్దున్నే పంజరం కింద పరిచిన కాగితం తీసి, వెలుతురులో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసేవాడు. ఏమీ ఉండేది కాదు. నిట్టూర్చి మళ్ళీ పరిచేవాడు.

సంగతి తెలిశాక సెలూన్ సెలూన్‌లా లేదు. గడ్డానికి వచ్చినవాడు సబ్బు నురగలోంచే తన పొట్ట కథ విప్పేవాడు. పక్క కొట్టు దర్జీ, తాతయ్యకు వరసకు బావ, పూటకో వైద్యం చెప్పేవాడు.

"ఆముదం పట్టించు బావా. మా నాన్నకు ఒక్క గరిటెతో ఇల్లంతా తేలికపడింది."

"మీ నాన్న తూకమెంత, దీని తూకమెంత? గరిటెడు పోస్తే దొరగారు మునిగిపోతారు."

"పోనీ కాస్త నడిపించు."

"నడిపించా. కిటికీ ఈ చివర బయల్దేరి ఆ చివరికి చేరేసరికి ముగ్గురికి తలపని అయిపోయింది."

చివరికి తాతయ్య పశువుల డాక్టరమ్మను బతిమాలి కొట్టుకే తీసుకొచ్చాడు. ఆవిడ పొట్ట నొక్కి చూసి, తలెత్తి గోడలు చూసింది.

"తాతగారూ, వీటికి పక్కన ఇంకొకటి ఉంటే గిట్టదు. మీరు ఎన్నింటిని పెట్టారో చూశారా?"

తాతయ్య చూశాడు. ఎదుటి అద్దంలో ఒక దొరగారు. పక్క అద్దంలో ఇంకొకరు. వాళ్ళ వెనక బారులు తీరి మరెందరో. అందరూ మాడిన రంగులో, ఒళ్ళు ఉబ్బించుకుని, ఒకరినొకరు మింగేసేలా చూసుకుంటున్నారు.

"చుట్టూ ఇంత శత్రుసైన్యం పెట్టుకుంటే ఎవరికైనా తిన్నది అరుగుతుందా? వెచ్చదనం ఉండాలి, ఆకుల మీద నీళ్ళు చల్లుతూ ఉండాలి. అన్నిటికన్నా ముందు, అద్దాలు కనబడకూడదు."

"పంజరానికే గుడ్డ కప్పేస్తే?"

"ఎండెలా తగులుతుంది? లోపల ఇంకా గట్టిపడితే కోసి తీయాలి. ఇంత ప్రాణం కోతకు ఆగదండీ."

ఆవిడ వెళ్ళాక తాతయ్య చాలాసేపు అద్దాల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, గడ్డం పనికి కప్పే తెల్లగుడ్డలన్నీ తీసి నాలుగు అద్దాలనూ మూసేశాడు.

అప్పుడు బయటపడింది అసలు గుట్టు. ఇన్నేళ్ళూ తాతయ్య తలను చూసి కత్తిరించలేదు, అద్దంలోని తలను చూసి కత్తిరించాడు. అద్దం లేకపోయేసరికి కత్తెరకు కుడి ఏదో ఎడమ ఏదో తెలియడం లేదు. చెవుల పక్క జుట్టు ఒకవైపు మేడెక్కేది, ఇంకోవైపు బావిలోకి దిగేది. కుర్చీ తిప్పినా చూసుకోవడానికి గుడ్డలే. వచ్చినవాళ్ళు ఒకరినొకరు "ఎలా ఉంది?" అని అడిగి, బల్ల మీది మిగతావాళ్ళ ముఖాలు చూసి వెళ్ళిపోయేవాళ్ళు. కొందరు మళ్ళీ రాలేదు. దొరగారి రంగు మాత్రం ఒక పిసరు తేరుకుంది. పొట్ట కదల్లేదు.

అలాంటి రోజున వచ్చారు హెడ్మాస్టారు. ఉద్యోగం వదిలి ఏళ్ళయినా మీసం మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉన్న మనిషి. ఆ మీసాన్ని చూస్తేనే పిల్లలకు ఎక్కాలు గుర్తొచ్చేవట.

"అద్దాలేమయ్యాయయ్యా?"

"దుమ్ము పడకుండా మాస్టారూ" అన్నాడు తాతయ్య తడుముకోకుండా.

ఎడమవైపు మీసం ఒక వెంట్రుక వాసి తగ్గిద్దామనుకున్నాడు. రెండు వెంట్రుకల వాసి తగ్గింది. దాన్ని సరిచేయబోతే ఇంకా తగ్గింది. బల్ల మీద కూర్చున్న దర్జీ బావకు ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది.

"ఎందుకలా దగ్గుతావ్? ఏయ్, ఆ గుడ్డ తీయి."

"ఇప్పుడొద్దు మాస్టారూ" అని తాతయ్య గొంతు తగ్గించాడు. "దొరగారు తోక ఎత్తారు."

మాస్టారు కిటికీ వైపు చూశారు. దొరగారు కొమ్మను నాలుగు కాళ్ళతోనూ పట్టుకుని, కళ్ళు మూసుకుని, తోక నిగిడించి ఉన్నారు.

"ఎత్తితే?"

"పొద్దుటినుంచీ ముక్కుతున్నారు. ఈ క్షణంలో శత్రువు కనబడితే మొత్తం మళ్ళీ లోపలికే."

"నా మీసం కంటే నీ తొండ ఎక్కువైందా?"

"తొండ అనకండి మాస్టారూ, వింటారు."

మాస్టారు లేచి నిలబడ్డారు. అద్దాన్ని ఇక్కడ చూపించకపోతే వీధిలో చూపించమన్నారు. చేసేదేముంది, తాతయ్యా దర్జీ బావా నిలువుటద్దాన్ని మేకుల మీంచి దించి, తెల్లగుడ్డతో సహా చెరో పక్క పట్టుకుని బయటికి మోశారు. ఎదురొచ్చిన సైకిలాయన ఎవరో పోయారనుకుని దిగి, తల వంచి నిలబడ్డాడు. అద్దాన్ని గోడకు ఆనించి గుడ్డ లాగారు.

కుడివైపు మీసం మాస్టారిదే. ఎడమవైపుది మాత్రం అప్పుడే పదో తరగతి పాసైన కుర్రాడిది.

వీధి వీధంతా ఊపిరి బిగబట్టింది. మాస్టారు కేక పెట్టడానికి రొమ్ము నిండా గాలి పీల్చారు. తాతయ్య కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే లోపలినుంచి కేక వినబడింది. పెరటి దారిన కారేజీ తెచ్చిన నానమ్మది.

"ఏమండీ! రండి రండి! అయింది! దొరగారికి అయింది!"

అంతే. తాతయ్య పరిగెత్తాడు, దర్జీ బావ పరిగెత్తాడు, సైకిలాయన సైకిల్ పడేసి పరిగెత్తాడు. పీల్చిన గాలి ఎవరి మీద వదలాలో తెలియక మాస్టారు ఒక్కరే అద్దం ముందు మిగిలారు. కాసేపు చూసి, ఆయనా లోపలికి వచ్చారు.

అందరూ కాగితం చుట్టూ వంగి ఉన్నారు. తాతయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. నానమ్మ కారేజీ ఎక్కడ పెట్టిందో మరిచిపోయి వెతుకుతోంది. మాస్టారు కూడా వంగి చూశారు.

"ఇంతేనా?"

"ఒళ్ళు ఎంతో చూసి మాట్లాడండి మాస్టారూ" అంది నానమ్మ.

దొరగారు కొమ్మ మీద మెత్తబడి పడుకున్నారు. మాడిన రంగు మెడ దగ్గరినుంచి మెల్లగా విడిపోతోంది. ఆకుపచ్చ ఒక్కొక్క గింజగా పైకి తేలుతోంది. మాస్టారు అదంతా అయ్యేదాకా నిలబడి చూసి, వెళ్ళి కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చారు.

"ఆ రెండోవైపు కూడా తీసెయ్."

"అద్దం తెచ్చి..."

"అక్కర్లేదయ్యా. కానీ."

తాతయ్య కత్తి పట్టుకున్నాడు. అద్దంలో కాకుండా, సూటిగా మాస్టారి ముఖంలోకి చూస్తూ గీశాడు. పెదవి పైన ఎండ ఎరగని తెల్లటి చారిక బయటపడింది. ఒక్క గాటు పడలేదు. అలవాటు చొప్పున కుర్చీని ఒక చుట్టు తిప్పాడు. మాస్టారు చుట్టూ ఉన్న గుడ్డలను చూస్తూ నిదానంగా తిరిగి, దిగి, పెదవి తడుముకున్నారు.

"బాగుందా?"

"బ్రహ్మాండం" అన్నారు అందరూ ఒకేసారి.

ఆయన బయటికి నడిచారు. తాతయ్య గుమ్మందాకా వెళ్ళాడు. వీధిలో అద్దం ఇంకా గోడకు ఆని ఉంది. మాస్టారు దాని దగ్గరికి వచ్చేసరికి, ఎదురుగా వస్తున్న మీసం లేని పెద్దమనిషిని చూసి ఆగి, మర్యాదగా తలూపి, దారి ఇద్దామని పక్కకు జరిగారు. ఆ పెద్దమనిషీ అదే పక్కకు జరిగాడు.