వదిన పాదం

అదేనండీ, మొన్న సగంలో ఆపేశానే, మా టైలరు వదిన సంగతి! ఆవిడకు కుదురుండదు. ఒట్టి కుర్చీలో కూర్చున్నా కుడిపాదం మిషను తొక్కుతూనే ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకి మూడు మచ్చలు పడ్డాయి. సరిగ్గా వాటికే గురిపెట్టి రేడియేషన్ ఇస్తున్నారు, దాంతోపాటు రోజూ ఒక కొత్తరకం మాత్ర. తల కదలకుండా ముఖానికి వల మాస్కు బిగిస్తుంటే, "చెవి దగ్గర నూలుపోగంత లూజుంది, చూడమ్మా" అందట టెక్నీషియన్‌తో. చూస్తే నిజమే! మళ్లీ చేశారు. అంత నిక్కచ్చి మనిషి, నిన్న గుండీల డబ్బాలో నాలుగు మాత్రలు మింగకుండా దాచి నాకు దొరికిపోయింది.

"ఇదేంటి వదినా?"

"ఒకే కుట్టు మీద ఇద్దరు చెయ్యేస్తే గుడ్డ ముడతలు పడదూ? ముందు ఆ రేడియేషన్ మిషను పని కానీ."

"మచ్చల్ని మిషను చూసుకుంటుంది, కంటపడనివాటిని మాత్ర చూసుకుంటుందని డాక్టరు చెప్పలా? ఆపమన్నాడా?"

వదిన మెడలోని టేపు తీసింది, మళ్లీ వేసుకుంది. పాదం ఆగిపోయింది.

"ఆ డాక్టరుతో అనకు, తిడతాడు."

సరేనని తలూపాను. తిడితే తిట్టనీ! ఇవాళ తొమ్మిదింటికి ఆస్పత్రి తెరుస్తారు, డాక్టరుకు మొదటి ఫోను నాదే.