సీసా మీది ఎరుపు

బరంపురం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో నేనక్కడ కంపౌండరుని. డాక్టరుగారూ మద్రాసు నుంచే, సీసాలూ మద్రాసు నుంచే. తాగే మందైతే సీసా పొడుగునా తెల్ల కాగితం అంటించి, అంచున కత్తెరతో గాట్లు పెట్టేవాణ్ని. ఒక గాటు ఒక మోతాదు. పైకి రాసుకునే మందైతే, తాగితే విషం గనక, ఎర్ర కాగితం. తెలుగువాళ్లకీ ఒడియావాళ్లకీ, వేలిముద్రవాళ్లకీ అదే భాష. డాక్టరుగారి రాత నాకే సరిగా అర్థమయ్యేది కాదు గాని, నా గాట్లు ఊరందరికీ అర్థమయ్యేవి. ఆ సంగతి చెప్పుకోడానికి నాకు సిగ్గుండేది కాదు.

ఇంట్లోనూ చెప్పుకున్నాను. మా ఆవిడకి అక్షరాలు రావు.

"ఎరుపు కనిపిస్తే పిల్ల నోటికాడికి రానీకు. ఎవులు సెప్పినా ఇనకు" అని ఒకటికి పదిసార్లు చెప్పాను.

అమ్మాయికి మూడో ఏడు నడుస్తుండగా చలిజ్వరం వచ్చింది. అదే రోజు నన్ను కలరా పనిమీద ఛత్రపూర్ పొమ్మన్నారు. క్వినైను మందు కలిపి, తెల్ల కాగితం అంటించి, సీసా మా అమ్మ చేతికిచ్చి రైలెక్కాను.

కొత్త చేటైనా కొత్త కుండైనా మా అమ్మ బొట్టు పెట్టందే వాడనిచ్చేది కాదు. సీసాకీ పెట్టింది. తడి కుంకుమ కాగితానికి పట్టి పొడుగునా పాకింది. అది చూసుకోకుండానే, మందు దేవుడి గూట్లో ఉందని కోడలికి చెప్పి, మా అక్క పురుడని ఇచ్ఛాపురం వెళ్లిపోయింది.

నాలుగో రోజు నేనొచ్చేసరికి అరుగు మీద జనం. పిల్ల పొద్దున్నే పోయిందట. నాకేమీ అనిపించలేదు. కాళ్లు కడుక్కున్నాను. ఎవరో మంచినీళ్లిస్తే తాగాను.

గూట్లో సీసా నిండుగా ఉంది. గాట్లు నావే, కాగితం మాత్రం ఎర్రగా ఉంది. బిరడా ముట్టుకుంటే వేలికి కుంకుమ అంటింది. క్వినైను ఎంతమందిని లేపి కూర్చోబెట్టిందో నా కళ్లతో చూశాను. నన్ను నేను మోసం చేసుకునే దారి కూడా లేదు.

పాతిపెట్టి వచ్చాక మా ఆవిడ నా పక్కన కూర్చుంది.

"ఎవులో మందు మార్సేసినారు. మీరొచ్చి సరైంది ఇత్తారని సూసినాను. మీరు సెప్పినట్టే ఒక్క సుక్కా ఎయ్యనేదు. ఏసుంటే నా సేతుల్తో సంపుకున్నట్టే కదా?"

"అవును. ఎయ్యకపోడమే మంచిదయింది" అన్నాను.

మర్నాడు మా అమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి, చివరికి నన్ను పెరట్లోకి పిలిచి అడిగింది.

"బొట్టెట్టి మరీ ఇచ్చినాను. మందంతా తాగిందేటి?"

"తాగిందమ్మా."

అత్తా కోడళ్లు ఒకే పొయ్యి దగ్గర వంట చేసుకునేవారు. వాళ్ల మాటలు ఆ సీసా దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను లేచి వెళ్లి ఏదో ఒకటి అడిగేవాణ్ని. మా అమ్మ పోయేదాకా అలాగే అడుగుతూ వచ్చాను.