పిట్టకు విషం లేదన్న మాస్టారు

డెబ్బైలలో తిరువూరులోని ఒక హైస్కూల్లో నేను సైన్సు చెప్పేవాణ్ణి. ఏ రెండు జీవుల్ని ఇచ్చినా పేజీ మధ్యన గీత గీయించి, అటూ ఇటూ అయిదు భేదాలు రాయించడమే సైన్సని నా నమ్మకం. గీత స్కేలుతో గీస్తే దానికో మార్కు వేసేవాణ్ణి కూడా.

ఒక ఏడు తొమ్మిదో తరగతికి దక్షిణ అమెరికా విషకప్పకీ, పాటలు పాడే పిట్టకీ భేదాలు చెప్పాను. ఆ కప్పను నేను చూడలేదు, గైడు రాసినాయనా చూసి ఉండడు. పసుపు రంగులో మెరిసిపోతుందని చెబుతూ బోర్డు మీద తెల్ల సుద్దతో గీశాను. రంగు సుద్దలు ఇన్‌స్పెక్షన్ కోసం హెడ్మాస్టారి బీరువాలో భద్రంగా ఉన్నాయి. పిల్లలు ఆ తెల్లకప్పనే చూస్తూ పసుపని రాసుకున్నారు.

ఏడాది పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చాను. పత్తి చేలకు కూలికి వెళ్లే ఒకాయన కూతురు, కప్పకు విషముండునని రాసి, గీతకు ఇవతల "పిట్టకు విషము లేదని ఎవరూ తిని చూడలేదు" అని రాసింది. గీత కూడా వంకర. స్టాఫ్ రూములో చదివి వినిపిస్తే టీ తాగుతున్నవాళ్లు పొలమారేదాకా నవ్వారు. నేను సున్నా చుట్టాను. ఒక్క మార్కు తక్కువై ఆ పిల్ల తప్పింది.

మర్నాడు తండ్రి వచ్చాడు.

"ఒక్క మార్కేనంటండి. తప్పిందంటే ఇంక పొలానికే అండి. మళ్లీ చదివించే ఓపిక నాకు లేదు."

"రేపు అందరూ పిట్టకు విషముందని రాస్తే సైన్సు ఏమైపోవాలయ్యా?" అన్నాను.

ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. సైన్సును కాపాడిన తృప్తితో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

రిటైరయ్యాక ఒక పత్రికలో చదివాను. న్యూగినీ అడవుల్లో పాడే పిట్ట ఒకటుందట. దాని చర్మంలో, ఈకల్లో ఉన్నది అచ్చం ఆ కప్ప విషమేనట. పండితులకు ఈమధ్యే తెలిసింది గానీ అక్కడి జనానికి ఎప్పటినుంచో తెలుసట. వాళ్లు తిని చూశారు మరి. నాకు సిగ్గేసింది.

వాకబు చేసి వెళితే ఆమె విస్సన్నపేటలో మామిడికాయలు గంపలకెత్తుతూ కనిపించింది. జుట్టు నెరిసింది. పత్రిక చూపించి, "నువ్వు రాసిందే రైటమ్మా," అన్నాను.

ఆమె చదివి, మడిచి, నా చేతికిచ్చింది.

"మా నాన్న ఉన్నప్పుడు చెప్పాల్సిందండి. పోయేదాకా నన్ను మొద్దనే అనుకున్నాడు."