స్విచ్ లేని లాంతరు

నిన్న తెనాలిలో రిపేరు షాపాయన నా పాత చెక్క లాంతరు విప్పి సోల్డరింగ్ చేస్తుంటే, ఆ పొగ వాసనకి ఏడో తరగతి గుర్తొచ్చింది. టేకు ముక్కలు నేనే కోసి, ఎల్ఈడీలు, చార్జింగ్ బ్యాటరీ అమర్చి ఈ లాంతరు చేసి రేపల్లెలో సైన్స్ ఫెయిర్‌కు పట్టుకెళ్లాను.

“స్విచ్ ఏదమ్మా?” అన్నారు జడ్జిగా వచ్చిన మాస్టారు.

“దీపాన్ని మన చేత్తో ఆర్పకూడదండి. దానంతటదే కొండెక్కాలని మా నాయనమ్మ చెప్పింది.”

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

“స్విచ్ పెట్టుకురా, ప్రైజు నీదే.”

“పెట్టనండి.”

నాయనమ్మ చెప్పింది నూనె దీపం గురించని, చార్జింగ్ పూర్తిగా అయిపోయేదాకా వెలగనిస్తే బ్యాటరీ పాడవుతుందని తర్వాత తెలిసింది. నిన్న వేయించింది నాలుగో బ్యాటరీ.

“స్విచ్ కూడా పెట్టమంటారా అమ్మా?” అన్నాడు షాపాయన.

“పెట్టొద్దండి.”