హన్నమ్మ పొగిడిన కోటు

ఉదయగిరిలో హన్నమ్మ దోసెల బండి ఎక్కడుందని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. ఆమె ఎత్తుకొచ్చిన బట్టలు ఎవరి ఒంటిమీద ఉన్నాయో చూపించమంటే మాత్రం వీధికి నలుగురు దొరుకుతారు. చర్చి సంఘపెద్ద చంద్రమోహన్ సార్ చలికాలంలో వేసుకునే స్వెట్టరు, పక్కింటి రెబెకమ్మ కొడుకు చూపించుకుంటూ తిరిగే జీన్సు ప్యాంటు, పాస్టరుగారి పాప గౌను, అన్నీ ఆత్మకూరు కుప్పలోంచి హన్నమ్మ చేతిమీదుగా వచ్చినవే.

కుప్ప అంటే ఆత్మకూరు బస్టాండుకి కాస్త ఇవతల, ఒక గోడ వారగా మస్తాన్ పరిచే పాత బట్టల గుట్ట. ఏ ఊళ్లలోనో ఎవరెవరో వేసుకుని వదిలేసినవి మూటలు మూటలుగా వస్తాయి. మస్తాన్ మూట విప్పి టార్పాలిన్ పట్టమీద గుమ్మరించి, ఏది ఎత్తుకున్నా ఒకటే రేటని అరుస్తాడు. అది అబద్ధం. మంచి బట్ట ఎవరి చేతిలోనైనా కనిపించిందంటే దానికి అక్కడికక్కడే ఇంకో రేటు పుడుతుంది.

మొదట్లో హన్నమ్మ కూడా అందరిలాగే కళ్లతో వెతికింది. ఎర్రగా నిగనిగలాడుతోందని ఎత్తుకొచ్చిన చీర మొదటి ఉతుకులోనే ఇంట్లో ఉన్న తెల్లబట్టలన్నిటికీ రంగు పూసింది. ఆమె మొగుడు మాలకొండయ్య ఆ ఎండాకాలమంతా గులాబీ రంగు బనీనుతో తిరిగాడు. అప్పటినుంచి ఆమె కళ్లను నమ్మడం మానేసింది. మస్తాన్‌తో కబుర్లాడుతూ కుప్పలోకి మోచేతుల దాకా చేతులు దూర్చేస్తుంది. మంచి నూలు వేళ్లకి చల్లగా తగులుతుందంటుంది. బయటికి లాగిన దాన్ని ముందువైపు చూడనే చూడదు. తిరగేసి చంకల కుట్లు చూస్తుంది, కాలరు ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. ఇక సిగ్గంటారా, దాన్ని ఉదయగిరిలోనే వదిలి బస్సెక్కుతుంది. తెలిసినవాళ్లు చూస్తారేమోనని తలదించుకునేవాళ్లు చేతికందిన చొక్కా పట్టుకుని పారిపోతారు. హన్నమ్మ కుప్ప మధ్యలో గొంతుక్కూర్చుని, దారిన పోయేవాళ్లని తనే పిలిచి పలకరిస్తుంది.

అసలు విద్య మాత్రం నోట్లో ఉంది. నచ్చిన దాన్ని తిట్టాలి.

"ఇదేంది మస్తాన్, శవానికి తొడిగి తీసినారా?"

"మూట ఇప్పుడే విప్పినా అక్కా. బోణీ కూడా కాలా."

"గుండీలు చూడు, ఒకటి తెల్లది, ఒకటి పసుప్పచ్చది. దీంతో నేల తుడిస్తే నేల ఏడుస్తాది."

"అయితే ఆడ పడెయ్."

"పడేస్తాలే. ఎవురెత్తుకుంటారో నేనూ చూస్తా."

పడేయదు. మస్తాన్‌కి తన సరుకు మీద తనకే అసహ్యం పుట్టేదాకా తిట్టి, చివరికి ఏదో పుణ్యానికి తీసుకుంటున్నట్టు సంచిలో వేసుకుంటుంది. నచ్చని దాన్ని మాత్రం నోరారా పొగిడి పక్కామె చేతిలో పెట్టి తప్పుకుంటుంది. ఆడవాళ్లకి బస్సు ఉచితమైనప్పటి నుంచి రెబెకమ్మ కూడా వెంటబడి వస్తోంది. ఒకసారి హన్నమ్మ తెగ మెచ్చుకున్న జాకెట్టొకటి ఎత్తుకొచ్చుకుంది. దాని జిప్పు ఈనాటికీ పైకి పోలేదు. ఆ తర్వాత రెబెకమ్మ ఉదయగిరిలో కనిపించిన ప్రతి ఆడమనిషికీ ఒకే మాట చెప్పింది: హన్నమ్మ తిడితే కొనండి, పొగిడితే పారిపోండి.

ఇలాంటి హన్నమ్మ కూడా ఒకసారి కుప్ప ముందు తెల్లమొహం వేసింది. కొడుకు జోయల్‌కి కలువాయి అమ్మాయితో పెళ్లి కుదిరింది. అమ్మాయి తరఫువాళ్లు పెద్దగా ఏమీ అడగలేదు, పిల్లాడు కోటు వేసుకుని గుళ్లో నిలబడితే చాలన్నారు. జోయల్ ఆరడుగుల మనిషి, వాడి చేతులు ఇంకో అడుగు పొడుగైన మనిషివి. నెల్లూరు షాపులో ఏ కోటు తొడిగినా మణికట్టుకి జానెడు పైనే ఆగిపోయింది. షాపు కుర్రాడు నవ్వాపుకోలేక లోపలికి పోయాడు. జోయల్ మూతి ముడుచుకుని, ఫుల్ చేతుల చొక్కాతోనే పెళ్లి చేసుకుంటానన్నాడు.

"కుట్టిద్దామంటే ఇప్పుడు ఏ టైలరూ ఒప్పుకోవడంలా," అన్నాడు మాలకొండయ్య.

"కుప్పలో ఉంటాదిలే," అంది హన్నమ్మ.

అనడం సులువు. కుప్ప దగ్గరికి ఏదీ కోరుకోకుండా పోతేనే ఏదైనా దొరుకుతుంది. కోటే కావాలని పోయిన హన్నమ్మకి దుప్పట్లు దొరికాయి, రెయిన్‌కోటు దొరికింది, ఎవరిదో స్కూలు యూనిఫాం దొరికింది, కోటు దొరకలేదు. మస్తాన్ మూట విప్పిన ప్రతిరోజూ బండి మూసి బస్సెక్కింది. చివరికి పెళ్లి ఇంకో వారం ఉందనగా అడుగునుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. లాగేకొద్దీ వస్తూనే ఉంది. ముదురు నీలం, లోపల పట్టులాంటి లైనింగు. హన్నమ్మ తిరగేసి చంకల కుట్లు తడిమింది, ఒక్కటీ పోలేదు. నోరు మాత్రం దాని పని అది చేసింది. ఈ కోటు వేసుకున్నవాడు కోర్టులో కేసు ఓడి చచ్చుంటాడంది. మస్తాన్ దండం పెట్టి ఇచ్చేశాడు.

ఆత్మకూరులోనే సెల్‌ఫోన్ షాపులో పనిచేసే జోయల్ పెళ్లి సెలవుకి ఇంకా ఇంటికి రాలేదు. ఆమె కోటుని ఇస్త్రీ చేయించి, కవరు తొడిగి, వాడికే ముందు చూపించాలని మొగుడికి కూడా చెప్పకుండా ఇంట్లో మేకుకి తగిలించింది.

ఆ ఆదివారం గుళ్లో కోత పండుగ. పంట చేతికొచ్చాక ఎవరి శక్తి కొద్దీ వాళ్లు గుమ్మడికాయో, బియ్యమో, కోడో తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, వచ్చిన డబ్బు సంఘానిది. బంధువులకి వండి పెట్టి హన్నమ్మ గుడికి చేరేసరికి వేలం మొదలైపోయింది. చంద్రమోహన్ సార్ గుమ్మడికాయ పాట ముగించి, తర్వాతిదాన్ని పైకెత్తాడు. ముదురు నీలం కోటు.

హన్నమ్మ మొగుడి పక్కకి జరిగింది. "ఏమయ్యా, నిన్ను తెమ్మన్న కోడి యాడుండాది?"

"పట్టబోతే కంపలోకి దూరినాది."

"దూరితే?"

"ఉత్త చేతుల్తో ఎట్టా వచ్చేది? మేకుకి కవరుంటే, నీ కుప్ప బట్టలు పెట్టెడు ఉండాయి గదా, ఒకటి పోతే ఏందని..."

"అది పిల్లోడి పెండ్లి కోటు."

మాలకొండయ్య కీర్తనల పుస్తకం తెరిచి అందులో తల దూర్చాడు.

దేవుడి ముందు పెట్టిందాన్ని వెనక్కి అడిగితే ఆ పేరు మనవల కాలం దాకా పోదు. వేలంలో పాడి తెచ్చుకోవాల్సిందే. హన్నమ్మ కొంగు తడుముకుంది. మూడొందలుంది. మిగతాదంతా షామియానావాడు, వంటవాడు తినేశారు.

"యాభై," అంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "యాభై కూడా దండగే సార్. చంకల్లో కుట్లు పోయినట్టుండాయి. చెమట వాసన ఇక్కడికే కొడతా ఉండాది."

బెంచీల మీద తలలన్నీ ఒక్కసారి లేచాయి.

"వంద," అంది రెబెకమ్మ.

"వందా? ఆ కాలరు చూసినావా, ఎలకలు కొరికినట్టు..."

"నూటేభై," అన్నాడు వెనకనుంచి గొర్రెలు మేపుకునే రమణయ్య. ఆయన జన్మలో కోటు తొడిగి ఎరగడు.

హన్నమ్మ రెండొందలంది. ఈసారి పళ్లు బిగించి మాట రానివ్వలేదు.

"చూడండి, తిట్టను కూడా తిట్టడంలా," అంది రెబెకమ్మ పక్కామెతో. "ఏదో పెద్ద సరుకే అది. సార్, రెండొందల యాభై."

హన్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. రమణయ్య చొక్కా జేబు తడుముకుంటున్నాడు. తన నోరే తన కొంప ముంచుతోందని ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది. తిట్టినా రేటు పెరుగుతోంది, ఊరుకున్నా పెరుగుతోంది. ఇంకో పాటకి మాత్రమే డబ్బుంది. ఆమె గొంతు సవరించుకుంది.

"మూడొందలు సార్. నిజం చెప్పొద్దా, బంగారం లాంటి కోటు. ఫారిన్‌ది. ఒక్క కుట్టు పోలా. రెబెకా, నువ్వు పాడమ్మే, పాడు. మీవాడికి కొలిచి కుట్టినట్టుంటాది. రమణయ్యన్నా, నువ్వైనా వదులుకోబాకన్నా."

పైకి లేవబోయిన రెబెకమ్మ చెయ్యి పైట సర్దుకుని దిగిపోయింది. రమణయ్య జేబులోంచి చెయ్యి తీసి చెవి గోక్కున్నాడు.

"మూడొందలు ఒకటోసారి," అన్నాడు చంద్రమోహన్ సార్. ఆయన కూడా కోటుని కాస్త దూరంగా పట్టుకున్నాడు. "రెండోసారి. మూడోసారి. హన్నమ్మకే."

"నాకు తెలీదా నీ సంగతి," అంది రెబెకమ్మ బయటికి నడుస్తూ. "నా జిప్పు నాకు చాలు తల్లే."

హన్నమ్మ కోటుని చంకలో పెట్టుకుని, మొగుడి కోసం ఆగకుండా ఇంటికి నడిచింది. వాకిట్లో సంచితో జోయల్ నిలబడి ఉన్నాడు. బస్సు దిగి గుడి మీదుగానే వచ్చాడు, కిటికీలోంచి అంతా విన్నాడు.

"ఆ కోటు నేను వేసుకోను," అన్నాడు.

"ఏమొచ్చింది రా?"

"అంతమందిలో అంత పొగిడినావు. ఏందుండాది దాంట్లో? ఎవురన్నా చచ్చినారా?"

"డబ్బులు తక్కువై పొగిడినాను రా. నిజంగా మంచిదే."

"ఇదిగో, మళ్లా పొగడతా ఉండావు."

కన్న తల్లి మాట నమ్మడు వాడు. చిన్నప్పటినుంచీ వాడి చొక్కాలన్నీ తిట్లు తిని వచ్చినవే. హన్నమ్మ కోటు మంచం మీద పడేసి పక్కన కూర్చుంది. జోయల్ దాన్ని అనుమానంగా ఎత్తుకుని తిరగేశాడు. చంకలు చూశాడు. కాలరు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జేబుల్లో వేళ్లు పెట్టి లైనింగు లాగి చూశాడు. తప్పు దొరికే కొద్దీ కాదు, దొరకని కొద్దీ వాడి మొహం మాడిపోయింది.

"ఒకసారి తొడుక్కోరా," అన్నాడు గుమ్మం దగ్గరే ఆగిపోయిన మాలకొండయ్య. "నువ్వు తొడుక్కుంటే గానీ మీ అమ్మ నాకు కూడు పెట్టదు."

జోయల్ తొడుక్కున్నాడు. రెండు చేతులూ ముందుకు చాపాడు. గుడ్డ మణికట్టు దాటి బొటనవేలి మొదలు దాకా వచ్చి ఆగింది. వాడు చేతులు దించాడు, మళ్లీ చాపాడు. బీరువా అద్దం ముందుకి పోయి పక్కకి తిరిగి చూసుకున్నాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, వాడి నుదుటి మీద చెమట ధారగా కారుతోంది.

"విప్పరా, తడిసి పాడైపోతాది," అంది హన్నమ్మ. "పెండ్లి బుధవారం."

"ఉండుమా," అని జోయల్ ఫోను తీసి తల్లి చేతిలో పెట్టాడు. "కలువాయికి ఒక ఫోటో పంపాల. చేతులు రెండూ పడేట్టు తియ్."